సైకిలు దిగి నిలబడినవాడు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. అక్కకు సంబంధం ఖాయమైంది, మాఘంలో ముహూర్తం చూస్తున్నారు, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. మిగిలినవన్నీ అమ్మ ఈపాటికే మీ అమ్మగారికి ఫోనులో చెప్పి ఉంటుంది. నేను కలం పట్టింది వేరే సంగతి కోసం. నువ్వు ఏళ్ళ తరబడి చూడమని పోరుతున్న జపాను యానిమేషన్ సీరియల్ ‘వన్ పంచ్ మ్యాన్’ ఎట్టకేలకు మొదలుపెట్టాను. నిన్న రాత్రి మొదటి సీజన్ 9వ భాగం చూశాను, అప్పటినుంచి నాకు మరో ధ్యాస లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీదినుంచి ‘జస్టిస్ క్రాష్’ అని అరుస్తూ నువ్వు దూకినది ఎవరిని తలచుకునో నాకు ఇప్పటికి తెలిసింది. ఆ పులిహోర పెద్దాయనకు ఎవరు చెబుతారో మరి!

మొదటి ఎనిమిది భాగాలూ హాయిగా నవ్వుకుంటూ చూశాను. కథానాయకుడు సైతమా రోజుకు వంద దండీలు, వంద బస్కీలు, పది కిలోమీటర్ల పరుగు అంటూ మూడేళ్ళు సాధన చేసి జుట్టంతా పోగొట్టుకున్నాడనీ, ఎంతటి రాక్షసుడైనా అతని ఒక్క గుద్దుకు నిలవడనీ, అందువల్ల పోరాటంలో ఇక ఏ ఉత్సాహమూ మిగలక విసుగుతో బతుకుతున్నాడనీ వినగానే ఇది ఒక్క హాస్యం మీద నడిచే కథ అనుకున్నాను. హీరోల సంఘం పెట్టిన పరీక్షలో దేహ దారుఢ్యానికి పూర్తి మార్కులు వచ్చినా, రాతపరీక్ష ముంచడంతో మొత్తం 71 మార్కులతో హీరోల తరగతుల్లో అన్నిటికీ కిందిదైన సి తరగతిలో అట్టడుగున 388వ స్థానంలో చేరడం చూసి పగలబడి నవ్వాను. కానీ ఆ ఒక్క హాస్యాన్నే 9వ భాగంలో తిప్పి పట్టుకుని మన గుండెకు గురిపెడతారని నేను ఊహించలేదు.

నీకు కథ అంతా తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. జె నగరంలో వాన కురుస్తోంది. సముద్రంలోంచి వచ్చిన రాక్షసుడు సముద్రరాజుకు ఒంటికి తడి తగిలేకొద్దీ బలం పెరుగుతుంది కనుక ఆ వాన వాడికి వరం. జనం తలదాచుకున్న కట్టడం గోడ పగలగొట్టుకుని వాడు లోపలికి వచ్చాడు. అడ్డుపడిన హీరోలు ఒక్కొక్కరే కూలిపోయారు. సైతమా శిష్యుడు, యంత్రపు ఒళ్ళున్న జెనోస్ వచ్చి కాసేపు నిలబెట్టాడు. అతనికి ధైర్యం చెబుతూ ఒక చిన్నపిల్ల కేక వేసింది. ఆ రాక్షసుడు ఆమె మీదికే ఆమ్లం ఉమిశాడు. జెనోస్ క్షణమైనా ఆలోచించకుండా తన ఒంటిని అడ్డం పెట్టి కరిగిపోయాడు. ఇక ఎవరూ లేరనుకున్నప్పుడు ఎగిరి వచ్చి వాడిని తాకింది ఏమిటి? ఒక సైకిలు!

రఘూ, ఆ సైకిలు చూడగానే నేను లేచి నిలబడ్డాను. దాన్ని విసిరిన ముమెన్ రైడర్, నువ్వు రైల్లో తలచుకున్నవాడు, సి తరగతిలో మొదటివాడు, అంతే. అతనికి ఏ మహిమా లేదు, యంత్రపు చేతులూ లేవు, ఉన్నది ఒక హెల్మెట్టు, ఒక సైకిలు. సముద్రరాజు అతన్ని నేలకేసి బాది, పని అయిపోయిందని జనం వైపు తిరిగాడు. వెనుకనుంచి అతను మళ్ళీ లేచాడు. ఆ తరువాత అతను మాట్లాడే మాటలు నువ్వే కంఠతా పట్టి ఉంటావు. తను బి తరగతికి పనికిరాడని తనకు తెలుసునంటాడు, నిన్ను గెలవలేనని నాకంటే బాగా ఎరిగినవాడు లేడంటాడు, అయినా గెలుపోటములతో నిమిత్తం లేకుండా ఇప్పుడు ఇక్కడ నీతో పోరాడవలసినవాణ్ణి నేనేనంటాడు. అతనికి గొంతు ఇచ్చిన యూయిచి నకమురా ఆ మాటలు పలికిన తీరు చూశావా? ఒక్కచోట కూడా వీరుడి గొంతు పెట్టలేదు. ఊపిరి అందనివాడు, భయపడినవాడు, అయినా పక్కకు తొలగనివాడు మాట్లాడినట్టు ఉంది. అంతవరకూ బిక్కచచ్చి ఉన్న జనం అతని పేరు పెట్టి కేకలు వేయడం మొదలుపెట్టారు. అతను మళ్ళీ దెబ్బ తిన్నాడు. నేల మీద పడబోతున్నవాడిని పట్టుకున్న చెయ్యి సైతమాది. బాగా పోరాడావని ఒక చిన్న మాట అన్నాడు. ఆపైన ఒక్క గుద్దు! దాని విసురుకు మబ్బులు చీలి వానే ఆగిపోయింది.

అసలు నేను రాయాలనుకున్నది దీని తరువాతి రెండు నిమిషాల గురించి. గండం గడవగానే గుంపులో ఒకడు నోరు విప్పాడు. ఇంత సులువుగా చచ్చినవాడి చేతిలో ఓడిపోయారంటే ఆ హీరోలంతా ఎంత చేతకానివాళ్ళో అన్నాడు. పక్కవాళ్ళు వారిస్తున్నా ఊరుకోలేదు. చెరువుకు గండి పడిన రాత్రి తెల్లవార్లూ ఇసుక బస్తాలు మోసినవాళ్ళను, పొద్దున యంత్రం వచ్చి పూడ్చేసిందని చులకన చేసినట్టు ఉంది ఆ మాట. కానీ ఆ మాటకు తావిచ్చింది ఎవరు? ఒక్క దెబ్బతో ముగించిన సైతమాయే! అతని బలమే అంతవరకూ నెత్తురోడినవాళ్ళ కష్టాన్ని వృథా చేసినట్టు కనబడుతోంది. ఎనిమిది భాగాలుగా మనం నవ్వుకున్నది సరిగ్గా దీనికే కదా!

అప్పుడు సైతమా పెద్దగా నవ్వి, ఇవాళ నా అదృష్టం బాగుందనీ, ముందు వచ్చినవాళ్ళు వాడిని అలసిపోయేలా చేశారు కనుక నాకు శ్రమ లేకుండా పేరు దక్కిందనీ అందరూ వినేలా చెప్పాడు. కన్ను మూసి తెరిచేలోగా మోసగాడన్న పేరును తన నెత్తిన వేసుకుని, పడిపోయినవాళ్ళ గౌరవాన్ని వాళ్ళకు తిరిగి ఇచ్చేశాడు. అతను ఎంతోకాలంగా కోరుకున్నది జనం గుర్తింపే అని గుర్తు తెచ్చుకో. అది చేతికి అందిన క్షణాన వదిలేశాడు. ఆ త్యాగానికి నేపథ్యంలో కన్నీటి సంగీతం పెట్టలేదు, అతని ముఖంలో బాధ చూపలేదు. దర్శకుడు షింగో నత్సుమే చేసిన అతి గొప్ప పని ఇదే అని నా అభిప్రాయం. యానిమేషన్ చేసిన మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్ళు 2015 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రసారమైన ఆ 12 భాగాలలో ఎన్నో కళ్ళు చెదిరే పోరాటాలు గీశారు. నాకు మాత్రం వాటన్నిటికంటే ఆ అబద్ధమే పెద్ద పోరాటంగా తోచింది.

చివర్లో సైతమాకు ఉత్తరాలు వస్తాయి, వాటిలో ఒకటి తిట్టుతో, ఒకటి కృతజ్ఞతతో. ఆ రెండోది చూసి నేను... సరే, అది నువ్వు ఎదురుగా ఉన్నప్పుడే చెప్పాలి.

ఇంకో మాట. ఈ కథను ఒన్ అనే రచయిత 2009లో అంతర్జాలంలో నేర్పరితనం లేని గీతలతో మొదలుపెడితే, అప్పటికే పేరున్న చిత్రకారుడు యూసుకే మురాతా దాన్ని మెచ్చి 2012 నుంచి కొత్తగా గీస్తున్నాడు. ఎక్కడో కింద ఉన్నవాడి విలువను పైనున్నవాడు గుర్తించి చేయి అందించడం తెరవెనుక కూడా జరిగిందని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. అందుకేనేమో ముమెన్ రైడర్ మీద ఆ ఇద్దరికీ అంత...

ఆఫీసు బస్సు వీధి చివరకు వచ్చేసింది. 2019లో వచ్చిన రెండో సీజన్ ఇంకా చూడలేదు, అందులో వచ్చే గరో అనే పాత్ర గురించి ఒక్క ముక్క కూడా ముందుగా చెప్పకు. వెంటనే జవాబు రాయి.

నీ
మురళి