లైఫ్ జాకెట్ ఉన్నది సీటు కింద పెట్టుకోడానికి కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం అనుబంధంలో కొండ ఏళ్లలో చేపలు పట్టడం, కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ వేసుకుని తిరగడం మీద ఫుల్ పేజీ వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. తిట్టడానికి రాయట్లేదని ముందే చెప్పేస్తున్నా. పొద్దున్నే పొగమంచు, కదలని మడుగు, బెండు మునగ్గానే గుండె ఝల్లుమనడం, ఇవన్నీ బాగా రాశారు, చదువుతుంటే నాకూ అటకెక్కించిన తెడ్డు దించాలనిపించింది. కానీ అందులో ఒక్క ముక్క మాత్రం మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేది ఉంది, దానికి సవరణ వేయమని అడగడానికే కూర్చున్నా, కూర్చున్నాక మిగతావి కూడా గుర్తొచ్చాయి.

కింద బాక్సులో చిట్కాలు అని ఇచ్చారు చూడండి, ప్రవాహం ఉన్న చోట చిన్న లంగరు వేసుకుంటే కయాక్ కదలకుండా ఉంటుంది, తీరిగ్గా గాలం వేసుకోవచ్చు అని. నిలవ నీళ్లలో అయితే సరే. పారే నీళ్లలో వద్దండీ బాబూ. కొండ ఏటి అడుగంతా రాళ్లే, లంగరు రెండు రాళ్ల సందులో ఇరుక్కుందంటే మీరు లాగినా రాదు, తాడు బిగుసుకుపోతుంది, పక్కన కట్టి ఉంటే పడవ అడ్డం తిరుగుతుంది, పైనుంచి వచ్చే నీళ్లు అంచెక్కి లోపలికి వస్తుంటాయి, తాడేమో ఆ అంచునే కిందికి గుంజుతుంటుంది. బోర్లా పడ్డానికి ఎంతసేపు? ఒక క్యూబిక్ మీటర్ నీళ్లంటే 1000 కిలోలు, పైగా నీళ్ల వేగం రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. చేతికందేలా కత్తి లేకపోతే ఆ తాడుతో ఏమీ చేయలేరు.

మరి ఆగాలంటే ఎలా అంటారా, పెద్ద బండ చూసుకుని దాని వెనక్కి దూరడమే. నీళ్లు బండని చుట్టుకుని వచ్చాక వెనక వైపు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఎగువకే తిరిగి పారతాయి, దీన్నే ఎడ్డీ అంటారు. పడవ ముక్కు అందులోకి పెట్టి ఒక్క తెడ్డు గట్టిగా వేస్తే పడవ గిర్రున తిరిగి ఎగువ వైపు మొహం పెట్టి ఆగిపోతుంది, ఏ లంగరూ అక్కర్లేదు. తమాషా ఏంటంటే చేపలూ అక్కడే కాచుకుంటాయి, పక్కనున్న వడి పురుగుల్ని తెచ్చి పెడుతుంటే ఇవి నెమ్మది నీళ్లలో ఒళ్లలవకుండా నిలబడి తింటాయి. అంటే గాలం వేసేవాళ్లకీ పడవ వాళ్లకీ కావాల్సింది ఒకటే చోటు, గొడవలు రాక ఏమవుతాయి. నేను రెండూ చేస్తాను కాబట్టి రెండు వైపులా తిట్లు తిన్నా. పడవలో వస్తూ గాలం వేసినాయన కనిపిస్తే తెడ్డు చప్పుడు ఆపి, ఆయన దారం ఎటు పడిందో చూసి, దానికి దూరంగా, వీలుంటే ఆయన వెనకగా పోవాలి, అర్థం కాకపోతే చెయ్యెత్తి ఎటు పొమ్మంటారండీ అని అడగడమే. గాలం వేసేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి, వడిలో పడవకి బ్రేకులుండవు.

ఇక ఫోటో. పడవలో కుర్రాడి నవ్వు బాగుంది, లైఫ్ జాకెట్ మాత్రం మడిచి సీటు కింద మెత్తలా వేసుకున్నాడు. నేనూ ఒకప్పుడు అంతే. కొండల మీద మంచు కరిగే రోజులు, ఎండ సూపర్‌గా ఉంది, మడుగు కదలట్లేదు, ఒడ్డు పది మీటర్లు, ఇక జాకెట్ ఎందుకులే అనుకున్నా. చిక్కుపడ్డ దారం తీద్దామని పక్కకి ఒంగా, అంతే. పడగానే ఈత గుర్తురాలేదండీ, ఊపిరే నా మాట వినలేదు, హా హా హా అంటూ దానంతటదే ఎగబీల్చుకుంటోంది, ఆ టైంలో తల నీళ్లలో ఉంటే అయిపోయినట్టే. జాకెట్ పక్కనే తేలుతోంది, చేతికి దొరికింది కూడా, తొడుక్కోవడం నా వల్ల కాలేదు. క్లిప్పు రెండు సగాలూ ఎదురెదురుగా పెట్టి నొక్కుతున్నా, వేళ్లు నావి కానట్టున్నాయి, టక్ మని పడదే. చివరికి దాన్ని వాటేసుకుని కాళ్లు కొట్టుకుంటూ ఒడ్డెక్కా. ఆ తర్వాతే తెలుసుకున్నా, ఒంట్లో వేడిని గాలి కంటే నీళ్లు పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయట. ఎండెంత కాస్తున్నా నీళ్లు 15 డిగ్రీల కంటే తక్కువుంటే మొదటి ఒక్క నిమిషం ఊపిరితోనే పోరాటం, ఆ పైన ఓ పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి, ఒళ్లు గడ్డకట్టి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టొచ్చు. చాలామంది చలికి పోతామనుకుంటారు గానీ ముందు ప్రమాదం ఆ మొదటి నిమిషంలోనే.

అదే ఫోటోలో వెనక 'బుల్లి జలపాతం' అని రాశారు. అది జలపాతం కాదండీ, కట్టిన అడ్డగోడ. ఒడ్డు నుంచి ఒడ్డుకి స్కేలు పెట్టి గీసినట్టుంది, ఏరు తనంతట తాను అంత తిన్నగా దూకదు. నడుమెత్తు ఉంటుందేమో, అందుకే ఎవరికీ భయం వేయదు. గోడ దిగిన నీళ్లు అడుక్కి పోయి, పైకి లేచి, మళ్లీ గోడ వైపుకే దొర్లుతాయి. అలాంటి చోట ఒక దుంగ దొర్లుతుంటే నేను ఒడ్డున కూర్చుని అరగంట చూశా, పైకి వస్తుంది, గోడ దాకా పోతుంది, మునుగుతుంది, మళ్లీ వస్తుంది, కిందికి మాత్రం కొట్టుకుపోదు. ఆ నురగలో గాలి ఎక్కువ కాబట్టి తేలడం కూడా తక్కువ, జాకెట్ ఉన్నా కష్టమే, కాపాడదామని దిగినవాళ్లు కూడా పోతుంటారు. ఇంగ్లిష్‌లో దీనికి డ్రౌనింగ్ మెషీన్ అనే పేరుంది. ఎగువ నుంచి వస్తుంటే ఏమీ కనపడదు, ముందెక్కడో ఏరు ఒక గీత దగ్గర ఆగిపోయినట్టుంటుంది, అంతే. ఆ గీత కనిపిస్తే ఒడ్డుకి లాగేసి పడవ భుజానేసుకుని నడవాలి, సిగ్గుపడాల్సిందేం లేదు. పొరపాట్న వడిలో పడితే కాళ్లు కింద పెట్టి నిలబడాలని చూడొద్దు, పాదం రాళ్లలో ఇరుక్కుంటే నీళ్లు వెనక నుంచి మీదికి తోసేస్తాయి. వెల్లకిలా, కాళ్లు దిగువకి పెట్టి, మెల్లగా ఒడ్డు వైపుకి.

చేప సంగతి కూడా చెప్పాలి. ఫోటోలో కుర్రాడు పొడి చేత్తో, మొప్పలో బొటనవేలు దూర్చి చేపని ఎత్తి చూపిస్తున్నాడు, ఫోటో అయ్యాక వదిలేశాం, ఈదుకుంటూ పోయింది అని రాశారు. ఈదుకుంటూ పోయినవన్నీ బతకవండీ. చేప ఒంటి మీద జిగురు ఉంటుంది, రోగాలు అంటకుండా కాచేది అదే, పొడి చేతికి అది ఊడొచ్చేస్తుంది. మొప్పలు గాల్లో అంటుకుపోతాయి, మనం పోజులిచ్చే సేపూ దానికి ఊపిరి లేనట్టే. అందులోనూ మీవాళ్లు పట్టింది ఎండాకాలం మధ్యాహ్నం. సున్నా డిగ్రీల దగ్గర లీటర్ నీళ్లలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 20 డిగ్రీలకి వచ్చేసరికి 9 దగ్గరికి పడిపోతుంది. ట్రౌట్ లాంటి చల్లనీళ్ల చేపలకి అది ఇబ్బందే, అప్పటికే ఆయాసపడుతున్నదాన్ని గాలంతో పెనుగులాడించి వదిలితే ఏ బండ కిందో తేలుతుంది. పొద్దున్నే వెళ్లమనేది అందుకే, నీళ్లు అప్పుడే చల్లగా ఉంటాయి. వదిలేసే ఉద్దేశం ఉంటే గాలం మొన దగ్గర వెనక్కి తిరిగుండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కేయండి, ఒక్క తిప్పుకి ఊడొస్తుంది. తినేదైతే వెంటనే తల మీద ఒక్క దెబ్బ, బుట్టలో గిలగిలా కొట్టుకోనివ్వకుండా.

గాలం దారానికి బరువుగా సీసం గుండ్లు వాడమన్నారు, అదీ పాత మాటే. హంసలు వాటిని గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న గుండ్లు ఆపేశారు. ఒక ఏట్లో వాడిన బూట్లు, పడవ కడిగి ఆరబెట్టకుండా ఇంకో ఏట్లో దించకూడదని కూడా ఒక లైను వేసుంటే బాగుండేది, న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు బయటపడ్డాక అది తడి ఆరని బూట్ల అడుగున అంటుకుని ఏరు ఏరూ తిరుగుతోందని ఫెల్ట్ (నీళ్లు పీల్చుకునే దళసరి ఉన్ని లాంటి గుడ్డ) అడుగున్న బూట్లనే నిషేధించారు.

సవరణ చిన్నదైనా పర్లేదు, లంగరు చిట్కా తప్పు అని రెండు లైన్లు, అదే పేజీలో అదే సైజు అక్షరాల్లో వేయండి. ఈసారి ఇలాంటిది వేసేటప్పుడు మీ ఫోటోగ్రాఫర్‌ని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టి కెమెరా నీళ్ల దాకా దించమనండి. చేప మొహం పడకపోవచ్చు, తడి చేతులు, ఒక తోక, కాస్త చెదిరిన నీళ్లు పడతాయి. అదే వేసేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు