94 మైళ్ల లెక్క వెనుక

సంపాదకునికి,

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్ల (ప్లగ్ పెట్టి చార్జి చేసుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉన్నవి) మైలేజీ అనగానే కంపెనీ కాగితం మీది పెద్ద అంకెనే అందరూ చెబుతారు. అమెరికాలో అమ్మిన 2021 టయోటా రావ్4 ప్రైమ్‌నే తీసుకోండి. దానికిచ్చిన 94 'ఎంపీజీఈ' (గ్యాలన్ పెట్రోలుకు సమానమైన కరెంటుతో నడిచే మైళ్లు) పెట్రోలు మైలేజీ కాదు, 33.7 యూనిట్ల కరెంటును ఒక గ్యాలన్ పెట్రోలుతో సమానంగా కట్టిన లెక్క. బ్యాటరీ అయిపోయాక వచ్చేది గ్యాలన్‌కు 38 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 16 కిలోమీటర్లు.

బ్యాటరీ 18.1 యూనిట్లు, నిండుగా ఉంటే 68 కిలోమీటర్లు నడుస్తుంది. రోజూ 50 కిలోమీటర్లు తిరిగి రాత్రి చార్జింగ్ పెట్టేవారికి పెట్రోలు దాదాపు అక్కర్లేదు. ఒక్కసారి నిండా చార్జి చేసి బయల్దేరితే 100 కిలోమీటర్ల ప్రయాణానికి 2 లీటర్ల పెట్రోలు. అదే 500 కిలోమీటర్లయితే 27 లీటర్లు. సగటు లీటరుకు 18.5 కిలోమీటర్లకు పడిపోతుంది. కారు మారలేదు, ఒక్క చార్జింగ్‌తో తిరిగిన దూరమే మారింది. చార్జింగ్ పెట్టనివారు ఆ బ్యాటరీ బరువును ఊరికే మోస్తున్నట్టే!

ఇంకొకటి. బండి స్టార్ట్ కాగానే కరెంటు మోడ్‌లోకి వెళుతుంది. హైవే ఎక్కగానే పెట్రోలు ఇంజిన్‌ను వాడే హైబ్రిడ్ మోడ్‌కు మార్చి, బ్యాటరీని ఊళ్లోని ట్రాఫిక్‌కు దాచుకోవాలి. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి ఒత్తిడికి చార్జి త్వరగా కరిగిపోతుంది. చలికాలం హీటర్ కూడా అందులోంచే తింటుంది. ప్లగ్ తీయకముందే క్యాబిన్ వేడి చేసుకోవడం మేలు.

— ఒక పాఠకుడు, న్యూజెర్సీ