ఆ తెల్ల ముద్దల్ని నలపకు నాన్నా

వాగెనింగెన్, నెదర్లాండ్స్

నాన్నా,

నేనిక్కడ బాగున్నాను. నిన్న ఫోన్‌లో చెరకుకి మొవ్వు తొలిచే పీక పురుగు పట్టిందనీ, ఆదివారం మందు కొట్టిస్తాననీ అన్నావు. ల్యాబ్‌కి టైమైపోయి సరిగ్గా మాట్లాడలేకపోయాను. రాత్రంతా అదే టెన్షన్. అందుకే కూర్చుని రాసి, ఫోటో తీసి చెల్లి ఫోన్‌కి పంపుతున్నాను. మందు కొట్టేలోపు చదువు.

నేను పనిచేసేది కందిరీగల మీదంటే అమ్మ భయపడుతోంది. ఇవి మనల్ని కుట్టేవి కావని చెప్పు. చిన్న చీమంత ఉంటాయి. నా దగ్గరున్న దాని పేరు కోటీసియా గ్లోమెరాటా. ఇక్కడ క్యాబేజీ తినే గొంగళి పురుగు ఒంట్లో 20, 30 గుడ్లు పెట్టేస్తుంది. గుడ్లతో పాటు ఒక వైరస్‌నీ ఎక్కిస్తుంది. దాంతో గొంగళి పురుగు ఆ గుడ్లని చంపలేకపోతుంది. ఆ వైరస్ దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందట ఈ కందిరీగల పూర్వీకుల్లో చేరిందట. ఇప్పుడు వాటి జన్యువుల్లోనే కలిసిపోయి తల్లి నుంచి పిల్లకి వస్తోంది.

మొన్న రాత్రి రెండింటికి మైక్రోస్కోప్ కింద చూశాను. గొంగళి పురుగు పక్కల చర్మం ఉబ్బింది, ఒక చోట చిట్లింది, తెల్లటి చిన్న పురుగు తల బయటపెట్టింది. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. ఒక్కొక్కటీ బయటికొస్తూ తన పాత చర్మాన్ని ఆ కన్నంలోనే వదిలేస్తుంది, కన్నం మూసుకుపోతుంది. అందుకే గొంగళి పురుగు వెంటనే చావదు. పిల్లలన్నీ పక్కనే పసుపుపచ్చ గూళ్లు అల్లుకుంటే, ఆ గూళ్ల మీద ఇది తన పట్టు కప్పింది. దగ్గరికి బ్రష్ తెస్తే తల విసిరి కొట్టింది. తననే తిన్నవాటికి, తిండి మానేసి, చచ్చేదాకా కాపలా కాస్తుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ కాపలా ఎందుకంటే, ఈ గూళ్లలో గుడ్లు పెట్టే ఇంకో కందిరీగ ఉంది. ఆకుని పురుగు కొరికితే క్యాబేజీ ఒక వాసన వదులుతుంది, దాన్ని పట్టుకునే కోటీసియా వస్తుంది. కానీ లోపల కోటీసియా పిల్లలున్న పురుగు కొరికితే ఆ వాసన మారుతుంది. ఆ తేడాని పట్టుకుని రెండో కందిరీగ వస్తుందని 2012లో ఇక్కడివాళ్లే కనిపెట్టారు.

ఇప్పుడు మన తోట సంగతి. చిన్నప్పుడు ఎండిన మొవ్వు పీకి చీలిస్తే లోపల దూదిపింజలాంటి తెల్ల ముద్ద కనబడేది, గుర్తుందా? పురుగు గుడ్లనుకుని కాలితో నలిపేసేదాన్ని. అవి పురుగు గుడ్లు కావు నాన్నా. కోటీసియా ఫ్లేవిపెస్ గూళ్లు, నా కందిరీగకి చుట్టాలే. మన ఆసియా నుంచి ఆఫ్రికాకి పోయిన కాండం తొలిచే పురుగు అక్కడి మొక్కజొన్నని పాడుచేస్తుంటే, పాకిస్తాన్ నుంచి దీన్ని తెప్పించి 1993లో కెన్యాలో వదిలారు. మనకి ఊరికే దొరికినదాన్ని నేను తొక్కేశాను.

కిందటేడు ట్రైకో కార్డులు పనిచెయ్యలేదన్నావు. కట్టిన మూడో రోజే మందు కొట్టించాం కదా. కార్డు మీద అంటించినవి బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లు, నల్లబడ్డాయంటే లోపల ట్రైకోగ్రామా అనే ఇంకో బుల్లి కందిరీగ పెరుగుతున్నట్టు. అది బయటికొచ్చి పీక పురుగు గుడ్లలో గుడ్లు పెట్టాలి. మందు పడిన ఆకు మీద అదెలా బతుకుతుంది?

ఆదివారం పొద్దున్నే తోట నాలుగు మూలలా తిరిగి, ఎండిన మొవ్వులు ఓ యాభై పీకి చీల్చి చూడు. ఎన్నింట్లో పురుగుందో, ఎన్నింట్లో తెల్ల ముద్దుందో చెల్లి చేత రాయించు. ముద్ద ఉన్నవాటిని కాల్చకుండా గట్టు మీద నీడలో పెట్టు. ఫోటోలు రాగానే ఫోన్ చేస్తాను, ఎంత రాత్రయినా సరే. మందు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

నీ
చిన్ని