మా అన్నను నిలబెట్టినవాళ్లందరికీ దండాలు

మా అన్న ఇప్పుడు చిన్న రూం కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర, రైల్వే స్టేషన్ బయట ఏండ్ల తరబడి పడుకున్న మనిషి. సాయం చేసినవాళ్ల గురించి నలుగురిలో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

అన్నది కల్లు అలవాటు. కల్తీ కల్లు అంటే ఏందో పాలమూరోళ్లకు చెప్పక్కర్లేదు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు ఇట్లా ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో మనం చూశాం. ఇంతకుముందు ఒకచోట అన్నకు వైద్యం చేసి పంపారు. మందులు ఇచ్చారు గానీ, ఎక్కడ ఉంటావని ఎవరూ అడగలేదు. చీటీ పట్టుకుని మళ్లీ ఫుట్‌పాత్‌కే వచ్చాడు. తర్వాత కల్లు కాంపౌండుకు పోక ఏం చేస్తాడు?

ఈసారి ముందు దొరికింది మంచం. నిరాశ్రయుల షెల్టర్ కేర్‌టేకరన్నకు మొదటి దండం. రాత్రిపూట అన్న వణుకుతుంటే "తాగొచ్చినవా, నడువు" అనలేదు. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ గోళీలు ఇచ్చి, వాటిని ఒక్కసారే ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చింది. ఆ గోళీలు కేర్‌టేకరన్న తన దగ్గరే పెట్టుకునేవాడు. అన్నం తిన్నాక అరచేతిలో పోసి, నీళ్ల గ్లాసు ఇచ్చి, మింగేదాకా పక్కనే నిలబడేవాడు.

లక్ష జనాభాకు ఒక షెల్టర్, ఏడాది పొడవునా 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఆ 24 గంటల విలువ నాకు అన్నను చూశాకే తెలిసింది. రాత్రి నిద్రకు తావిచ్చి పొద్దున్నే బయటికి పంపితే, తెరిచి ఉండేది కల్లు దుకాణమే కదా.

పోయిన ఆధార్ కార్డు కోసం మీసేవ చుట్టూ తిరిగిన మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే సర్కారు సంస్థ) అక్కకు, వార్డులో కసురుకోకుండా చూసుకున్న సిస్టర్లకు, నమ్మి పని ఇచ్చిన మేస్త్రీకి మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.

మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే సొంతంగా మాన్పించకండి. డాక్టరుకు చూపించండి, తాగేది కల్లు అని దాచకుండా చెప్పండి. మత్తు అలవాటు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసినా దారి చెబుతారు, పైసా ఖర్చు లేదు.