చిన్నీకి, ఊరికే రాస్తున్నా

చిన్నీ,

ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటున్నావు, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. విషయమేం లేదు, కంగారు పడకు. బుజ్జిగాడికి వృత్తాల పాఠం మొదలైంది, పై (π) అంటే ఏంటమ్మా అని నా ప్రాణం తీస్తున్నాడు, నువ్వుంటే నీ మీదికి తోసేసేదాన్ని. అన్నట్టు సుబ్బలక్ష్మి పిన్ని వాళ్ళ వాడు మొన్న ఊరొచ్చి ఏదో అన్నాడు, నీకు ఎం-1 లెక్కల పేపరు తప్పి ఉండిపోయిందనీ, క్లాసులకి కూడా సరిగ్గా వెళ్ళట్లేదనీ. వాడి మాటల్లో సగం తీసెయ్యాలని నాకు తెలుసు. మిగతా సగం ఏంటో నువ్వే చెప్పాలి.

సరే, బుజ్జిగాడి సంగతి. ఇంట్లో గుండ్రంగా ఉన్నవన్నీ ముందేసుకున్నాడు, నీ గాజు, పప్పు డబ్బా మూత, ఇత్తడి బిందె. నా టేపు ఇచ్చి, చుట్టూ ఒకసారి అడ్డంగా ఒకసారి కొలిచి భాగించరా అన్నాను. మూతకి 3.14 వచ్చింది, బిందెకి 3.16, గాజుకి మాత్రం 3.3 దాటింది. గాజుకి పై వేరే అమ్మా అంటాడు! చూస్తే చుట్టుకొలత బయటివైపు తీశాడు, వ్యాసం లోపలివైపు తీశాడు. రెండూ బయటే కొలవమంటే దారికొచ్చింది. వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఆకారం ఒకటే కదా, వ్యాసం రెట్టింపైతే చుట్టూ కూడా రెట్టింపవుతుంది, అందుకే ఆ నిష్పత్తి కదలదు అని చెప్పాను. మీ తాతయ్య అయితే ఇంకా దూరం వెళ్ళేవారు. 22/7 పక్కన సమానం గుర్తు పెడితే ఆయనకి ఎంత కోపమో నీకు గుర్తుందిగా, అది పై కన్నా రవ్వంత ఎక్కువ, ఆర్కిమెడిస్ 96 భుజాల బొమ్మ వేసుకుని ఇంతకు మించదని చూపించిన హద్దు అనేవారు. 20,000 వ్యాసానికి చుట్టుకొలత దగ్గరదగ్గర 62,832 అని ఆర్యభటుడు 499లోనే చెప్పాడని ఆ శ్లోకం చదివేవారు. ఎం-1లో ఇవేమీ ఉండవా? ఉండవనుకుంటా.

నా కుట్టుపని లెక్కలు వేరే. శ్రావణమాసంలో ఒకావిడ కూతురికి ఫుల్ అంబ్రెల్లా లంగా, అదే నేల మీద పరిస్తే పూర్తి వృత్తం అయ్యేది, కుట్టమని వచ్చింది. నడుము 28 అంగుళాలు, పొడవు 38. 44 అంగుళాల పన్నా బట్ట నాలుగున్నర మీటర్లు తెచ్చింది, అంచుకి లేసు ఐదు మీటర్లు తెచ్చింది. బట్టకన్నా అర మీటరు ఎక్కువే తెచ్చానుగా అంది. లేసు ఏడు మీటర్లు పడుతుందండీ అన్నాను. అంతే, ముఖం మారిపోయింది. మిగిలింది మీరు ఉంచుకుంటారా అని మొహం మీదే అడిగేసింది, పక్కన ఇద్దరు ఆడవాళ్ళున్నారు కూడా. మీ నాన్న లోపల్నించి బయటికి రాబోతే కళ్ళతోనే ఆపాను. కాగితం తీసి గీసి చూపించాను. నడుము 28ని 6.28తో, అంటే రెండు పైలతో, భాగిస్తే నాలుగున్నర అంగుళాలు, అది లోపలి వ్యాసార్థం. దానికి పొడవు 38 కలిపితే నలభై రెండున్నర. ఆ వ్యాసార్థంతో పూర్తి వృత్తం తిరిగితే అంచు 267 అంగుళాలు, పావు తక్కువ ఏడు మీటర్లు, అతుకుకి కాస్త. ఆవిడ కాగితం వంక చూడలేదు, మా పాత టైలరు ఐదుతోనే వేసేవాడంది. వేసి ఉంటాడు, అరవృత్తం లంగాలకి. సరేనని బట్ట నాలుగు మడతలేసి ఆవిడ ముందే కత్తిరించి, నేల మీద పరిచి, టేపు ఆవిడ చేతికిచ్చి అంచు వెంట కొలవమన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం కొలిచింది పాపం. మర్నాడు ఇంకో రెండు మీటర్లు తెచ్చింది, రంగు పిసరు తేడా, అదీ నా వల్లేనట. ఆఖర్న కూలీలో వంద తగ్గించి ఇచ్చి వెళ్ళింది.

పొడవు ఒక్క అంగుళం పెంచితే అంచు ఆరుంపావు అంగుళాలు పెరుగుతుంది, పసిపిల్ల గౌనైనా పెళ్ళికూతురి లెహంగా అయినా అంతే. భూమి నడుముకి తాడు కట్టి దానికి ఒక్క మీటరు కలిపితే చుట్టూతా నేల మీంచి 16 సెంటీమీటర్లు లేస్తుందని తాతయ్య చెబితే నువ్వు ఎంత పోట్లాడావో! పిల్లి దూరిపోతుందా అని అడిగావు. అలా పోట్లాడే పిల్ల లెక్కల్లో తప్పిందంటే నేనెలా నమ్మను?

బత్తాయిలు తింటున్నావా? నిన్న బుజ్జిగాడు ఒకటి సగానికి కోసి దాని చుట్టూ పెన్సిల్‌తో నాలుగు వృత్తాలు గీసి, తొక్క ముక్కలన్నీ వాటిలో పేర్చాడు, ఇంచుమించు నాలుగూ నిండాయి. గోళం ఉపరితలమంతా అలాంటి నాలుగు వృత్తాలకి సమానం కదా. కాయ మాత్రం తినకుండా వదిలేశాడు. నువ్వు అలా చెయ్యకు, హాస్టల్ తిండితో మొహం పాలిపోయి ఉంటుంది.

చిట్టి అత్త కోలగా ఉండే దీర్ఘవృత్తం టేబుల్‌కి గుడ్డ కుట్టమంది. దాని వైశాల్యానికి పైని పొడవులో సగంతో, వెడల్పులో సగంతో గుణిస్తే సరిపోతుంది. చుట్టుకొలతకే అంత సులువైన సూత్రం లేదు. రామానుజన్ 1914లో చాలా దగ్గరగా వచ్చేది ఒకటి ఇచ్చాడు, నేను మాత్రం దారం పెట్టి కొలిచేశాను. ఆ రామానుజన్ కూడా కుంభకోణం కాలేజీలో పరీక్ష తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నవాడే, ఊరికే చెప్తున్నా. అలాగని క్లాసులు ఎగ్గొట్టమని కాదు! ఆయనకి తప్పింది లెక్కల్లో కాదు, మిగతా సబ్జెక్టుల్లో. ఉదయం లేచి స్నానం చేసి ముందు వరసలో కూర్చో, రాకపోతే అడుగు, సిగ్గెందుకు? ఫీజు గురించి టెన్షన్ పెట్టుకోకు, మీ నాన్న చీటీ పాడారు. చదువు మానేస్తానని మాత్రం ఎవరి దగ్గరా అనకు, అన్నావని పిన్ని వాళ్ళ వాడు అన్నాడు.

సంక్రాంతికి నీకూ అంబ్రెల్లా కుడతా, మెరూన్ రంగు బట్ట తీసి ఉంచాను. నడుము కొలత పంపు, టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టు. పోయిన పండక్కి 28. రెండంగుళాలు తగ్గినా వ్యాసార్థంలో తేడా మూడో వంతు అంగుళం కూడా రాదు, కత్తిరించడానికి నాకేం ఇబ్బంది లేదు, కానీ 26 అని పంపావంటే మర్నాడే బస్సెక్కి వచ్చేస్తాను. కొలతతోపాటు ఆ ఎం-1 సంగతి కూడా రాసెయ్, మళ్ళీ బొటనవేలు పెట్టావంటే ఊరుకోను.

మీ అమ్మ