పాత ఉక్కు టోపీయే మేలనడం సగం నిజం

సంపాదకులకు నమస్కారం.

1915 నాటి ఫ్రెంచి అడ్రియన్ ఉక్కు టోపీ నేటి సైనిక హెల్మెట్ కన్నా మెరుగన్న మాట విన్నప్పుడల్లా, ఏళ్ల తరబడి నెత్తిన ఆ బరువు మోసిన మాజీ సైనికుడిగా నాకు ఆందోళన కలుగుతుంది. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదటి ప్రపంచ యుద్ధపు టోపీలను, నేటి అమెరికా హెల్మెట్‌ను బొమ్మ తలకు తొడిగి పైనుంచి పేలుడు తరంగాన్ని వదిలినప్పుడు, నడినెత్తిపై ఒత్తిడి అడ్రియన్ కిందే అతి తక్కువగా నమోదైన మాట వాస్తవమే. ఆ టోపీ నడుమ ముందు నుంచి వెనక్కి వెన్నులా నిలిచిన సన్నని ఉక్కు పట్టీ తరంగాన్ని పక్కలకు మళ్లించి ఉండవచ్చని వారు భావించారు.

అయితే ఆ పరీక్ష తరంగానికే పరిమితం. తూటాలకూ శకలాలకూ కాదు. ముప్పావు మిల్లీమీటరు మందమైనా లేని ఆ రేకు పిస్తోలు తూటాకు నిలవదు. అరామిడ్ అనే గట్టి కృత్రిమ నార పొరలను జిగురుతో అదిమి చేసే నేటి హెల్మెట్ 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాను ఆపుతుంది. మన సైన్యం చాలాకాలం వాడిన పట్కా అనే తల కవచం సైతం నుదుటిని, పక్కలను కాపాడి నడినెత్తిని వదిలేసింది. కొత్త హెల్మెట్ల రూపకల్పనలో తూటాతో పాటు పైనుంచి వచ్చే పేలుడు తరంగానికీ సమాన ప్రాధాన్యం ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక మాజీ సైనికుడు, విజయనగరం