సైకిల్ గురించి అడిగితే మన సైకిల్ గురించే చెప్పు

మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి

ఒరే చిన్నా,

అమ్మా నాన్నా బాగున్నారని నిన్న ఫోన్‌లో విన్నాను, సంతోషం. కానీ ఐఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్‌కి ప్రాక్టీసుగా, సైకిల్ గురించి చెప్పమన్న ప్రశ్నకి నువ్వు చెప్పిన జవాబు విన్నాక నాకు నిద్ర పట్టలేదురా. ఆరోగ్యానికి మంచిది, పొల్యూషన్ ఉండదు అంటూ కోచింగ్‌లో ఇచ్చిన కాగితం పొల్లు పోకుండా అప్పజెప్పావు. అందులో నాన్న సైకిల్ ఊసే లేదు.

మొదటిసారి ఐఎల్‌టీఎస్‌కి వెళ్ళినప్పుడు మీ అప్పనైన నేను కూడా అలాగే బట్టీ పట్టాను. ఎగ్జామినర్ మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న వేసేసరికి నోరు పెగల్లేదు, స్పీకింగ్‌లో తొమ్మిదికి 5.5 వచ్చింది. ఆ ఫీజు నాన్న ఎలా తెచ్చి కట్టాడో నీకు తెలుసు కదా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలే. మొదట చిన్న ప్రశ్నలు: చిన్నప్పుడు సైకిల్ ఉండేదా, మీ ఊళ్ళో ఇంకా తొక్కుతున్నారా, ఇలాగ. రెండు మూడు వాక్యాలు చాలు. ఆ తర్వాత మాట్లాడాల్సిన విషయం రాసిన కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, కాగితం, పెన్సిల్, ఆపైన రెండు నిమిషాల దాకా నువ్వే మాట్లాడాలి. ఆ కాగితం మీద వాక్యాలు రాయకు. నాన్న, కేరియర్, వంశధార గట్టు, చెయిన్ అని నాలుగు మాటలు రాసుకో.

గుర్తుందా, గట్టు ఎక్కేచోట ఎప్పుడూ చెయిన్ ఊడిపోయేది. నాన్న నిన్ను దింపి, పుల్ల ఒకటి విరిచి, చెయిన్‌ని పళ్ళ మీదకి ఎత్తి, పెడల్‌ని చేత్తో తిప్పితే కిర్రుమని పట్టుకునేది, ఆ నల్ల చేతుల్ని గడ్డికి తుడుచుకుని మళ్ళీ నిన్ను ఎక్కించేవాడు. ఇది చెప్పు! "ది చెయిన్ కేమ్ ఆఫ్" అంటే చాలు. కేరియర్‌కి ఇంగ్లీషు మాట తట్టకపోతే సీటు వెనకాల ఉండే ఇనప పలక అని వివరించు, అలా తిప్పి చెప్పగలగడానికి కూడా మార్కులుంటాయి. అప్పట్లో రోజూ జరిగినదాన్ని "మై ఫాదర్ యూజ్డ్ టు టేక్ మీ" అను. "ఐ యామ్ హావింగ్ ఎ సైకిల్" మాత్రం అనకు, "ఐ హావ్" అంతే.

నీ యాసకి మార్కులు తీసెయ్యరు, మాట స్పష్టంగా అర్థమైతే చాలు. తడుముకోకుండా మాట్లాడటం, పదాలు, గ్రామరు, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమానంగా వేస్తారు. నీ అభిప్రాయం తప్పా ఒప్పా అని చూడరు.

చివర్లో కాస్త పెద్ద ప్రశ్నలొస్తాయి. సైకిళ్ళు ఎందుకు తగ్గాయంటే పుస్తకంలోది వద్దు, నరసన్నపేట దగ్గర హైవే మీద లారీల మధ్య సైకిలంటే అమ్మ ఎంత భయపడుతుందో చెప్పు. ఆడపిల్లల చదువుకి లింకు పెట్టి అడిగితే, ప్రభుత్వ బడికొస్తా పథకంలో వచ్చిన సైకిల్ మీద చిన్నత్త కూతురు హైస్కూల్‌కి వెళ్ళిన సంగతి ఉండనే ఉంది. హెల్మెట్ గురించి అడిగితే నా దగ్గర్నుంచి తీసుకో: ఇక్కడ విక్టోరియాలో 1990 నుంచి సైకిల్‌కి కూడా హెల్మెట్ తప్పనిసరి, నేను పెట్టుకునే వెళ్తున్నాను, అమ్మకి చెప్పు.

టెన్షన్ పడకు. రేపు సాయంత్రం పెరట్లో ఆ సైకిల్ పక్కనే నిలబడి, రెండు నిమిషాలు మాట్లాడి వాయిస్ పంపు. తప్పులు పోతే పోనీ, ఆపకుండా మాట్లాడు. అలాగే చెయిన్‌కి నూనె నువ్వే వెయ్యి, నాన్న నడుము వంచలేకపోతున్నాడని అమ్మ చెప్పింది.

మీ అప్ప